పడవ సరే, దాని కింది ట్రైలర్ సంగతేమిటి?

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం అమెరికాలోని మన పాఠకులవి. పాత తెరచాప పడవ చవగ్గా దొరికింది, అది ఎక్కడో దూరాన ఉంది, ట్రైలర్ మీద ఇంటికి తెచ్చుకోవడమెలా అన్నదే అందరి ప్రశ్న. అక్కడి దుకాణాల్లో, టైర్ల మీద, తూకాల్లో కనిపించే లెక్కలే పనికొస్తాయి కాబట్టి పౌన్లు, మైళ్ళు, అడుగుల్లోనే జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సస్): ఒహాయోలో ఈరీ సరస్సు ఒడ్డున శాండస్కీలో 1978 నాటి కాటలీనా 22 అనే తెరచాప పడవ చూసుకున్నాను. కీల్ (పడవ అడుగున ఉండే బరువైన రెక్క) పైకి మడిచే స్వింగ్ కీల్ రకం. పడవ బాగానే ఉంది. ట్రైలర్ ఆరేడేళ్ళుగా కదల్లేదని అమ్మేవారు చెప్పారు. ఇంటికి దాదాపు 1,100 మైళ్ళు. మా బండి 3,500 పౌన్లు లాగుతుందని పుస్తకంలో ఉంది. వారాంతంలో వెళ్ళి తెచ్చేయవచ్చా?

జవాబు: వారాంతంలో వద్దండి. ఇంకో రోజు కలుపుకోండి, ఆ రోజంతా అమ్మేవారి వాకిట్లో ట్రైలర్‌కే కేటాయించండి. నలభై ఏళ్ళు దాటిన ఫైబర్ పడవ దారి మధ్యలో విరిగిపోవడం చాలా అరుదు. దారిలో ఆపేసేది ఎప్పుడూ దాని కింద కదలకుండా పడున్న ఇనుమూ రబ్బరే.

ముందు బరువు లెక్క. కాటలీనా 22 స్వింగ్ కీల్ పడవ కంపెనీ కాగితం ప్రకారం 2,250 పౌన్లకు అటూ ఇటూ ఉంటుంది. అందులో పోత ఇనుప కీల్ ఒక్కటే 550. దానికి తెరచాపలు, లంగరు, బ్యాటరీ, పరుపులు, మోటారు, ఇన్నేళ్ళుగా అరల్లో చేరిన సామాను కలపండి. ట్రైలర్ మరో 800 నుంచి 1,000. మొత్తం 3,500 దగ్గరికి సులువుగా చేరుతుంది. మీ బండి చివరి హద్దు కూడా అదే. ఆ హద్దులోంచే మనుషుల బరువు, సామాను బరువు కూడా తీసేయాల్సి వస్తుంది. 5,000 పౌన్లు లాగే బండి అద్దెకో, స్నేహితుల దగ్గరో దొరికితే దానితోనే వెళ్ళండి. కాగితం లెక్కతో సరిపెట్టుకోకుండా, బయల్దేరాక మొదట కనిపించే ట్రక్ స్టాప్‌లో బండ్లు తూచే క్యాట్ స్కేల్ మీద తూచండి. బండి ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ ఇరుసు మూడూ విడివిడిగా కాగితం మీద వస్తాయి.

తరవాత టైర్లు. వీటిలో అరుగుదల చూసి మోసపోకండి. ఎండలో నిలబడ్డ ట్రైలర్ టైరు అరగకుండానే ముసలిదవుతుంది. పక్క గోడ మీద డాట్ అన్న అక్షరాల తరవాత చివరి నాలుగు అంకెలు చూడండి. 3516 అంటే 2016లో 35వ వారం తయారీ. ఆరేళ్ళు దాటితే, గాడులు కొత్తగా మెరుస్తున్నా సరే, మార్చాలి. స్టెప్నీకీ ఇదే వర్తిస్తుంది. చాలామంది మరిచిపోయేది అదే.

మార్చేటప్పుడు సైజు ఒక్కటే చూస్తే చాలదు, మోసే బరువు కూడా చూడాలి. ఎస్‌టీ అంటే ట్రైలర్ టైరు, లోడ్ రేంజ్ అంటే ఎంత బరువు మోస్తుందో చెప్పే తరగతి, పీఎస్ఐ అంటే గాలి ఒత్తిడి. ఎస్‌టీ175/80ఆర్13, లోడ్ రేంజ్ సి టైరు 50 పీఎస్ఐ దగ్గర 1,360 పౌన్లు మోస్తుంది. రెండు కలిపితే 2,720. మీ ట్రైలర్ మొత్తం 3,500 అయితే, అందులో 350 హిచ్ (బండి వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం) మోసినా ఇరుసు మీద 3,150 పడుతుంది. అంటే 13 అంగుళాల చక్రాలు చాలవు. ఎస్‌టీ205/75ఆర్14 లోడ్ రేంజ్ సి అయితే ఒక్కోటి 1,760, రెండూ కలిపి 3,520. సరిపోతుంది కానీ మిగులు తక్కువ. అదే సైజులో లోడ్ రేంజ్ డి 65 పీఎస్ఐ దగ్గర 2,040 మోస్తుంది. రిమ్ము ఆ ఒత్తిడిని తట్టుకునేదైతే డి వేయించండి. గాలి ఎప్పుడూ చల్లగా ఉన్నప్పుడు, టైరు మీద రాసిన పూర్తి అంకె వరకూ పట్టాలి. గాలి తక్కువైతే పక్క గోడలు మడతపడుతూ వేడెక్కుతాయి, ఆ వేడికే పైపొర ఊడి వస్తుంది. దారిలో వేడెక్కి ఒత్తిడి పెరిగిందని గాలి తీసేయడం అసలు చేయకూడదు. వేరే వేగం గుర్తు లేని ఎస్‌టీ టైరుకి 65 మైళ్ళే హద్దు. ఈ ప్రయాణంలో మీరు 55, 60 మధ్యే ఉంటే అన్నివిధాలా మంచిది.

ఇక బేరింగులు. ఆరేళ్ళు నిలబడ్డ హబ్‌లో (బేరింగులుండే చక్రం మధ్య భాగంలో) గ్రీజు గట్టిపడి ఉంటుంది, లేదా లోపల నీరు చేరి తుప్పు పట్టి ఉంటుంది. మూత చుట్టూ కొత్త గ్రీజు కనిపించినంత మాత్రాన లోపల బాగుందనుకోవద్దు. విప్పి చూడాల్సిందే. 3,500 పౌన్ల ఇరుసుల్లో ఎక్కువగా బయటి బేరింగ్ ఎల్44649, లోపలిది ఎల్68149 ఉంటాయి. అయినా మీ బేరింగ్ అంచు మీద చెక్కిన నంబరు చదివి అదే కొనండి. వీలైతే అమ్మేవారిని ముందే ఫొటో అడగండి.

ట్రైలర్‌ని బండికి తగిలించి, రెండో చక్రానికి దిమ్మలు పెట్టి, జాకీ ఎత్తి, స్టాండు పెట్టాకే చక్రం తీయండి. మూత తీసి, కాటర్ పిన్ను వంపు సరిచేసి లాగి, నట్టు, వాషరు తీస్తే బయటి బేరింగ్ చేతికొస్తుంది. హబ్ లాగి, వెనక సీలు ఊడదీసి లోపలి బేరింగ్ తీయండి. కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టి చూడండి. రోలర్ల మీద గుంటలు, నీలి రంగు, గోధుమ మరకలు ఏవి కనిపించినా బేరింగ్, దాని రేస్ (హబ్‌లో అది తిరిగే ఉక్కు రింగు) రెండూ జతగా మార్చాలి. పాత రేస్‌లో కొత్త బేరింగ్ వేస్తే కొన్ని వందల మైళ్ళలోనే పాడవుతుంది. కొత్త రేస్‌ని ఇత్తడి కడ్డీతో చుట్టూ సమంగా కొడుతూ దించండి. అడుగుకి ఆనగానే దెబ్బ చప్పుడు మారుతుంది. గ్రీజుని బేరింగ్ వెడల్పు వైపు నుంచి కూరుతూ, రోలర్ల మధ్య నుంచి అవతలికి పొంగేదాకా నింపాలి. పాతదీ కొత్తదీ వేర్వేరు రకాల గ్రీజులు కలపొద్దు, కొన్ని కలిస్తే పలచబడి కారిపోతాయి. సీలు ఎప్పుడూ కొత్తదే. సీలు ఆనే చోట ఇరుసు మొన మీద గాడి పడిందేమో గోటితో తడిమి చూడండి. గాడి ఉంటే కొత్త సీలు కూడా ఆగదు.

బిగింపు దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. హబ్ తిప్పుతూ నట్టుని 50 ఫుట్-పౌన్ల (టార్క్ రెంచి చూపే బిగింపు కొలత) దాకా బిగించి బేరింగులని కూర్చోబెట్టండి. తరవాత పూర్తిగా వదులు చేసి, హబ్ తిప్పకుండా వేళ్ళతో మాత్రమే బిగించి, కాటర్ పిన్ను పెట్టండి. చిల్లు కుదరకపోతే వదులు వైపే జరపాలి. అతి సన్నని కదలిక ఉండటం సరైనదే. కారు చక్రంలా బిర్రుగా బిగిస్తే బేరింగ్ కాలిపోతుంది.

చక్రం పెట్టాక, అర అంగుళం బోల్టులకి నట్లు 90 నుంచి 120 ఫుట్-పౌన్లు, అడ్డంగా ఒకటి విడిచి ఒకటి. మొదటి 10, 25, 50 మైళ్ళ దగ్గర ఆగి మళ్ళీ చూడాలి. చక్రం తీసి పెట్టిన ప్రతిసారీ ఇదే పద్ధతి. ఆగినప్పుడల్లా రెండు హబ్‌ల మీదా చెయ్యి పెట్టి, లేదా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో పోల్చండి. గోరువెచ్చగా ఉండటం సహజం. ఒకటి రెండోదానికన్నా బాగా వేడిగా ఉంటే, చెయ్యి ఆనించలేకపోతే, అక్కడితో ఆగిపోండి.

బేరింగులు, సీలు, గ్రీజు అన్నీ ముందే కూర్చిన హబ్ ఒకటి, కొత్త కాటర్ పిన్నులు, ట్రైలర్ నట్లకి సరిపోయే రెంచి వెంట పెట్టుకోండి. కారు రెంచి ట్రైలర్‌కి సరిపోకపోవచ్చు, కారు జాకీ ట్రైలర్ కిందికి దూరకపోవచ్చు. ఆ రెండూ అమ్మేవారి వాకిట్లోనే పరీక్షించుకోవాలి. మెత్తటి మట్టి మీద జాకీ కింద పెట్టడానికి అడుగు పొడవు చెక్క ముక్క కూడా వేసుకోండి.

దీపాలు పది నిమిషాల పని. నాలుగు తీగల కనెక్టర్‌లో తెల్లది ఎర్త్, గోధుమ రంగుది వెనక దీపాలకి, పసుపు ఎడమ వైపుకి, పచ్చ కుడి వైపుకి. ఎడమ ఇండికేటర్ వేస్తే రెండు వైపులా మసకగా వెలుగుతుంటే బల్బుని అనుమానించకండి. తెల్ల తీగ ట్రైలర్ ఇనుముకి తగిలేచోట తుప్పు గీకండి.

బ్రేకుల చట్టం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాలిఫోర్నియాలో 1,500 పౌన్లకే తప్పనిసరి, చాలా రాష్ట్రాల్లో 3,000కి, టెక్సస్‌లో 4,500 దాటాక. మీరు దాటే రాష్ట్రాలన్నిటిలో కఠినమైనదాన్నే పాటించండి. చట్టాన్ని పక్కన పెట్టినా, 3,500 పౌన్లకి బ్రేకు లేకుండా 1,100 మైళ్ళు వద్దు. పడవ ట్రైలర్లకి ఎక్కువగా ఉండేది సర్జ్ బ్రేకు. బండి నెమ్మదిస్తే ట్రైలర్ ముందుకి తోసుకొచ్చే బలమే బ్రేకు నూనెని నొక్కుతుంది. ఆరేళ్ళు కదలని వాటిలో వీల్ సిలిండర్లు పట్టేసి ఉంటాయి. చక్రాలు ఎత్తి, బ్రేకవే తాడు (ట్రైలర్ ఊడిపోతే బ్రేకు వేసేది) మెల్లగా లాగి, రెండు చక్రాలూ ఆగుతున్నాయో లేదో, వదిలాక స్వేచ్ఛగా తిరుగుతున్నాయో లేదో చూడండి. వెనక్కి తోలేటప్పుడు బ్రేకు పట్టకుండా చేసేది ఐదో తీగ, నీలిది. బండి వైపు నాలుగు తీగలే ఉంటే అడాప్టర్ కొనుక్కోవాలి.

ప్రశ్న (షార్లట్, నార్త్ కరోలినా): పోయిన నెల 19 అడుగుల పడవని లాక్కొస్తుంటే, కొండ దిగేటప్పుడు 60 మైళ్ళ దగ్గర ట్రైలర్ తోక ఊపినట్టు ఊగింది. బండి కూడా ఊగిపోయింది. కారణమేమిటి? మళ్ళీ జరిగితే ఏం చేయాలి?

జవాబు: ముందు ప్రాణం సంగతి. ట్రైలర్ ఊగినప్పుడు కాలు బ్రేకు మీదికే పోతుంది, అక్కడే బండి మడతపడుతుంది. యాక్సిలరేటర్ వదిలేయండి, స్టీరింగు నిటారుగా పట్టుకోండి, ఊపుకి ఎదురు తిప్పొద్దు. వేగం తగ్గేకొద్దీ ఊపు తగ్గుతుంది. మీది ఎలక్ట్రిక్ బ్రేకు అయితే కంట్రోలర్ మీట చేత్తో నొక్కి ట్రైలర్‌ని మాత్రమే ఆపండి, తాడులా సాగి నిటారవుతుంది. సర్జ్ బ్రేకుకి ఆ సౌకర్యం లేదు.

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, వెనక బరువెక్కువ. హిచ్ బంతి మీద పడే బరువు, అదే టంగ్ వెయిట్, మొత్తంలో 10 శాతం దగ్గర ఉండాలి. 3,000 పౌన్లకి 300 అన్నమాట. స్నానాల గది తూకంతోనే కొలవచ్చు. గట్టి పలక ఒక కొన ఇటుక మీద, మూడడుగుల దూరంలో రెండో కొన తూకం మీద ఆనించండి. ఇటుక నుంచి ఒక అడుగు దూరంలో ట్రైలర్ ముక్కు పలక మీదికి దించండి. తూకం చూపే అంకెని మూడుతో గుణించండి. పలక బరువు ముందే తీసేయడం మరవొద్దు. ట్రైలర్ సమంగా, రోడ్డు మీద ఉండే ఎత్తులోనే ఉండాలి.

తక్కువ వస్తే ముందు సులువైనవి చేయండి. వెనక పలకకి వేలాడే 60 పౌన్ల మోటారు ఇరుసుకి 7 అడుగుల వెనక ఉందనుకోండి, ఇరుసు నుంచి బంతికి 14 అడుగులు అనుకోండి. మోటారు తీసి బండిలో పెడితే టంగ్ వెయిట్ 30 పౌన్లు పెరుగుతుంది. మోటారు ఎలాగూ తీయాల్సిందే. గతుకుల్లో అది ఎగిరెగిరి పడుతూ బ్రాకెట్ బోల్టులని, పాత ప్లైవుడ్ పలకని లాగేస్తుంది. తరవాత నీళ్ళు. పడవ అడుగున నిలిచిన వాన నీరు 20 గ్యాలన్లుంటే 167 పౌన్లు, అదీ వెనక్కే చేరుతుంది. బిరడా తీసే ప్రయాణించండి. నిలకడ కోసం నీళ్ళు నింపుకునే నీటి బ్యాలస్ట్ పడవలైతే ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయాలి. ఇవన్నీ చేసినా చాలకపోతే వించ్ (పడవని ట్రైలర్ మీదికి లాగే చేతి చక్రం) స్తంభాన్ని రెండు మూడు అంగుళాలు ముందుకి జరిపి పడవని దానికి ఆనించి, మళ్ళీ తూచండి.

ప్రశ్న (ఎడిసన్, న్యూజెర్సీ): స్వింగ్ కీల్ పడవని కట్టేటప్పుడు కీల్ పూర్తిగా పైకి బిగించి ఉంచాలా? పట్టీలు ఎన్ని?

జవాబు: పూర్తిగా బిగించి వదిలితే 550 పౌన్ల ఇనుము ప్రతి గతుక్కీ ఒక సన్నటి తీగ మీద, ఒక ఇరుసు పిన్ను మీద వేలాడుతుంది. పాత పడవల్లో పిన్ను అరిగి, చిల్లు కోడిగుడ్డు ఆకారానికి వచ్చి ఉంటుంది. కీల్‌ని ట్రైలర్ మీది కీల్ దిమ్మ మీదికి దించి, దాని బరువు దిమ్మే మోసేలా చేసి, తీగ కొంచెం వదులుగా ఉంచండి. అయితే పడవ మొత్తం కీల్ మీద నిలబడకూడదు. అడుగు భాగం పొడవాటి ఆనుడు చెక్కల మీద సమంగా కూర్చోవాలి. చెక్క ఆనిన చోట ఫైబర్ లోపలికి నొక్కుకుపోతుంటే చెక్క పొట్టిదైనా అయ్యుండాలి, తప్పు చోటైనా ఉండాలి.

అణియం (పడవ ముందు కొన) కొక్కేనికి వించ్ పట్టీ, దానికి తోడుగా ఒక గొలుసు, రెండూ విడివిడిగా ఉండాలి. వించ్ పళ్ళు జారినా గొలుసు పట్టుకుంటుంది. అమరం (వెనక కొన) వైపు పట్టీలు ఇటొకటి అటొకటి, మధ్యలో నడుముకి ఒకటి. డెక్కు అంచుల మీద పట్టీ రాసుకునే చోట పాత కార్పెట్ ముక్క పెట్టండి. పాత డెక్కు లోపల బాల్సానో ప్లైవుడ్డో ఉంటుంది, నానిపోయి మెత్తబడిన చోట బలంగా బిగిస్తే నొక్కుకుపోతుంది. ఇరవై మైళ్ళకి పట్టీలు వదులవుతాయి, ఆగి బిగించండి. చుక్కాని ఊడదీసి లోపల పరుపుల మధ్య పడుకోబెట్టండి. పైకి లేచే పాప్-టాప్ కప్పు ఉంటే తప్పక కట్టాలి. దాని కొక్కేలు గాలికి ఆగవు.

ప్రశ్న (శాన్ రమోన్, కాలిఫోర్నియా): మాస్ట్ (తెరచాప స్తంభం) పడవకన్నా పొడవుంది. ఎలా కట్టాలి?

జవాబు: మూడు చోట్ల ఆనించాలి. ముందు పల్పిట్ (అణియం దగ్గరి కడ్డీల చట్రం) మీద, మధ్యలో, వెనక ఒక ఎత్తుపాటి చెక్క కొయ్య మీద. రెండే ఆనుళ్ళయితే మధ్యలో ఊగి వంగుతుంది. స్ప్రెడర్లు (మాస్ట్‌కి ఉండే అడ్డ కడ్డీలు) విప్పేయండి. షరౌడ్లు, స్టేలు (మాస్ట్‌ని నిలబెట్టే తీగలు) మాస్ట్ వెంబడే పరిచి, మూడడుగులకొకటి చొప్పున గుడ్డ పట్టీలతో కట్టండి. తీగలు అల్యూమినియం మీద రాసుకుంటూ వెయ్యి మైళ్ళు వస్తే గాడులు పడతాయి. టర్న్‌బకిళ్ళని (ఆ తీగలని బిగించే మరలని) ఒక సంచిలో కట్టేయండి. వంగిన టర్న్‌బకిల్ మాస్ట్ నిలబెట్టేటప్పుడే తెలుస్తుంది, అప్పటికి ఆలస్యం. వెనక్కి నాలుగడుగులు దాటి పొడుచుకొస్తే 18 అంగుళాల ఎర్ర గుడ్డ కట్టండి. మీ రాష్ట్రంలో ట్రైలర్ లాగే బండికి వేగ పరిమితి 55 మైళ్ళే, గుర్తుంచుకోండి.

మాస్ట్ నిలబెట్టే ముందు తల పైకెత్తి చూడండి. ట్రైలర్ మీది పడవకి పాతికడుగుల మాస్ట్ లేస్తే కొన ముప్పై అడుగులు దాటుతుంది. కరెంటు తీగకి అల్యూమినియం మాస్ట్ తగిలితే పట్టుకున్నవాళ్ళు బతకరు. నీళ్ళలోకి దించే ర్యాంపు దగ్గర, దాని దారిలో తీగలు ఉన్నాయేమో నడిచి చూశాకే లేపండి. లేపాక ర్యాంపు దాకా మాత్రమే కదపండి.

ప్రశ్న (ఫ్రిస్కో పాఠకుడే, రెండో ఉత్తరం): ఈరీ సరస్సు పడవ అంటే మస్సెల్స్ అంటుకుని వస్తాయని మిత్రుడు భయపెట్టాడు. నిజమా?

జవాబు: నిజమే, మీ మిత్రుడికి కృతజ్ఞతలు చెప్పండి. జీబ్రా మస్సెల్స్ అనే గుల్ల జీవులు 1988లో గ్రేట్ లేక్స్ ప్రాంతంలో బయటపడ్డాయి. టెక్సస్‌లో మొదట కనిపించింది 2009లో, టెక్సోమా సరస్సులో. నీటి గొట్టాలని పూడ్చేస్తాయి, ఒకసారి చేరితే సరస్సుని వదలవు. వాటిని మోసుకురావడం టెక్సస్‌లో నేరం. పిల్ల పురుగులు కంటికి కనిపించవు, చుక్క నీటిలోనూ బతుకుతాయి.

మీ పడవ ఆరేళ్ళుగా ట్రైలర్ మీదే ఎండుతుంటే ప్రమాదం తక్కువే. మొన్నటిదాకా నీళ్ళలో ఉంటే మాత్రం పైపైన కడిగితే చాలదు. కీల్ ముడుచుకునే గాడిలో గుల్లలు దాక్కుంటాయి. కీల్ కొంచెం దించి టార్చి వేసి చూడండి, చేతికి ఇసుక కాగితంలా తగిలితే అవే. గీకి, 140 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడినీళ్ళతో కడగండి. మోటారు నిలువుగా పెట్టి నీళ్ళు కార్చండి. ట్రైలర్ గొట్టాల్లో, కార్పెట్ చుట్టిన చెక్కల్లో కూడా నీరు ఉంటుంది. అంతా ఎండాకే మీ సరస్సులోకి దించండి.

ప్రశ్న (సికింద్రాబాద్): హుస్సేన్ సాగర్‌లో నేర్చుకుంటున్న మా అబ్బాయి పాత లేజర్ (ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ) పడవని చెన్నై పోటీలకి తీసుకెళ్ళాలి. అది 59 కిలోలే కదా, చిన్న ట్రైలర్ మీద ఎలా కట్టాలి?

జవాబు: బోర్లించి కట్టండి. గట్టిగా ఉండే అంచుల మీద ఆనుతుంది, మెత్తని అడుగు భాగం మీద బరువు పడదు. ఆనుళ్ళకి మెత్త వెడల్పుగా ఉండాలి. ఏప్రిల్ ఎండలో వేడెక్కిన ఫైబర్ మీద సన్నని కడ్డీ రోజంతా నొక్కితే గుంట పడుతుంది. పట్టీలు వెడల్పాటి నైలాన్‌వి, ఇనుప కట్టు ముక్క పడవకి తగలకుండా గుడ్డ చుట్టి, చేతి బలంతోనే బిగించండి. ర్యాచెట్ వద్దు, పాత పడవని అది నలిపేస్తుంది. తేలిక ట్రైలర్ వేగ నిరోధకాల మీద గంతులేస్తుంది కాబట్టి టైర్లలో గాలి అవసరమైనంతే పట్టించండి (పైన చెప్పిన పూర్తి అంకె బరువైన ట్రైలర్లకి). చుక్కాని, సెంటర్‌బోర్డు విడిగా దుప్పట్లో చుట్టి కార్లో పెట్టండి.

మూసి ఉన్న పడవ లోపలి గాలి ఎండకి వ్యాకోచించి అతుకులని నెడుతుంది. అందుకే దారిలో వెనక బిరడా తీసి ఉంచాలి. దాన్ని తాడుతో లైఫ్ జాకెట్‌కి కట్టేయండి, నీళ్ళలోకి దించేముందు అబ్బాయి చేతికి తగిలేలా.